టార్చి పట్టుకుంటే తుపాకీ లేదు

2004 ఆగస్టు 3న అమెరికాలో డూమ్ 3 అనే ఆట విడుదలైంది. అప్పటికి నేను పుట్టలేదు. అది ఆడాలంటే కంప్యూటర్లో 384 ఎంబీ ర్యామ్, 64 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఆట మూడు సీడీల్లో వచ్చేది. ఆ రోజుల్లో ఎంతోమంది దీనికోసమే కొత్త కంప్యూటర్ కొనుక్కున్నారట. ఇప్పుడు మన హాస్టల్‌లో అందరికంటే పాత ల్యాప్‌టాప్ మీద కూడా అది ఫ్యాను గోల లేకుండా నడుస్తుంది. నేను దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. కొత్త ఆటలకు కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు నా దగ్గర లేదు. పైగా సేల్‌లో దీని ధర ఒక బిర్యానీ కంటే తక్కువ.

ఇరవై ఏళ్ళు దాటిన ఆట గురించి ఇప్పుడు రాయడమేంటి అనుకోవచ్చు. దీన్ని నేను రెండుసార్లు ఆడాను. మొదటిసారి హాస్టల్‌లో ఒక్కడినే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పద్నాలుగు గంటల్లో ముగించాను. రెండోసారి వేసవి సెలవుల్లో మా ఊరు కౌతాళంలో, మా పెద్దమ్మ కొడుకుతో కలిసి. అన్న నాకంటే ఏడాది పెద్ద. తెలుగు మీడియంలో పది చదివి, ఐటీఐ చేసి, ఇప్పుడు ఆదోనిలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. పత్తి సీజన్ అయిపోయాక కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటాడు. ఫోన్లో షూటింగ్ ఆటలు నాకంటే బాగా ఆడతాడు. కాబట్టి మౌసు తన చేతిలో, ఇంగ్లిష్ చదివే పని నా నోటితో. రెండుసార్లూ ఆట ఒకటే అయినా, దాంట్లో నాకు మంచి అనిపించినవీ చెడ్డ అనిపించినవీ చాలా మారిపోయాయి.

తెలియని వాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. 2145వ సంవత్సరం. అంగారకుడి మీద యూనియన్ ఏరోస్పేస్ కార్పొరేషన్ అనే కంపెనీకి ఒక పెద్ద పరిశోధన కేంద్రం ఉంటుంది. అక్కడ డ్యూటీలో చేరడానికి పేరు కూడా చెప్పని ఒక సైనికుడు దిగుతాడు. ఆ సైనికుడు మనమే. అదే ఓడలో స్వాన్ అనే అధికారి, అతని అంగరక్షకుడు క్యాంప్‌బెల్ కూడా దిగుతారు. కేంద్రంలో ప్రమాదాలు, ఫిర్యాదులు ఎక్కువయ్యాయని విచారణకు వచ్చారు వాళ్ళు. లోపల బెట్రూగర్ అనే డాక్టరు మనుషుల్ని క్షణంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే యంత్రం మీద పనిచేస్తుంటాడు. ఆ దారి నరకం గుండా పోతుంది. ఒకరోజు తలుపు తెరుచుకుంటుంది. పనివాళ్ళు జాంబీలవుతారు, గోడల్లోంచి రాక్షసులొస్తారు. అక్కడి నుంచి చివరిదాకా కాల్చడమే.

కథగా చూస్తే ఇందులో పెద్ద కొత్తదనం లేదు. ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 1993లో తీసిన మొదటి డూమ్ కథ కూడా దాదాపు ఇదే. తేడా చెప్పిన తీరులో ఉంది. మొదటి డూమ్‌లో ఊపిరాడని వేగం. ఇందులో మొదటి అరగంట ఒక్క తూటా కూడా పేలదు. రిసెప్షన్‌లో వివరాలు చెప్పాలి, లిఫ్టు ఎక్కాలి, పై అధికారి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. మధ్యలో ఎవరో ఇద్దరు క్యాంటీన్ దగ్గర నిలబడి ఇక్కడేదో బాగాలేదని గొణుక్కుంటుంటారు. ఒక మూల కోడిని గుద్దే చిన్న వీడియో గేమ్ మిషన్ కూడా ఉంటుంది, దాన్ని నిజంగానే ఆడొచ్చు. అన్న దాని దగ్గరే పది నిమిషాలు నిలబడ్డాడు. ఉద్యోగంలో మొదటి రోజు ఎట్లా ఉంటుందో ఈ అరగంట అట్లాగే ఉంటుంది. ఎవరు ఎవరో తెలీదు, అందరికీ తొందరే, మనకు చెప్పాల్సింది ఎవరూ పూర్తిగా చెప్పరు. ఆ తర్వాత అవే గదులు చీకట్లో కనిపించినప్పుడు భయం వేసేది, వాటిని వెలుతురులో ముందే చూసి ఉండటం వల్లే. నా లెక్కలో ఆటకు ఇది మొదటి బలం.

రెండో బలం చీకటి. దీని గురించి సీఎస్ఈ వాడిగా కాస్త ఎక్కువ చెప్పాలి, బోర్ కొడితే ఒక పేరా దాటెయ్యండి. డూమ్ 3కి ముందు చాలా ఆటల్లో గోడల మీది వెలుగునీడల్ని ముందే లెక్కకట్టి, రంగు వేసినట్టు అతికించేవాళ్ళు. దీపం కదిలినా గోడ మీది నీడ కదలదు. ఇంజన్ రాసిన జాన్ కార్మాక్ ఆ పద్ధతి వదిలేసి, వెలుగునీ నీడనీ ఆట నడుస్తుండగానే లెక్కకట్టించాడు. పైన వేలాడే దీపం ఊగితే గదిలో నీడలన్నీ ఊగుతాయి.

ఆ లెక్క ఎట్లా చేస్తారో మన పక్క ఉదాహరణతో చెప్తాను. శ్రావణ మాసంలో ఊరుకుంద ఈరన్న స్వామి దగ్గర దారి పొడవునా షామియానాలు వేస్తారు. మీరు దారి మొదట్లో ఎండలో నిలబడి నడక మొదలుపెట్టారనుకోండి. షామియానాలోకి పోయిన ప్రతిసారీ ఒకటి కలపండి, బయటికొచ్చిన ప్రతిసారీ ఒకటి తీసెయ్యండి. ఆగిన చోట లెక్క సున్నా అయితే మీరు ఎండలో ఉన్నారు, కాకపోతే నీడలో ఉన్నారు. ఆటలో కూడా ప్రతి వస్తువు వెనకా దాని నీడ ఒక గుడారంలా సాగి ఉంటుంది. కంటి నుంచి గోడ మీది చుక్క దాకా పోయే గీత ఎన్ని గుడారాల్లోకి పోయి ఎన్నింట్లోంచి బయటికొచ్చిందో లెక్కపెడితే సరి. చిక్కు ఒక్కటే. నడక మొదలుపెట్టేటప్పటికే మీరు షామియానా కింద ఉంటే లెక్కంతా తప్పిపోతుంది. అందుకే కార్మాక్ లెక్కను తిరగేశాడు. చుక్క అవతల, దూరంగా ఏ నీడా లేని చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. ఈ ఉపాయానికి ‘కార్మాక్స్ రివర్స్’ అని పేరొచ్చింది. అయితే ఇదే ఉపాయం క్రియేటివ్ కంపెనీ వాళ్ళు అంతకుముందే కనిపెట్టి పేటెంటు తీసుకున్నారు. 2004లో ఆ కంపెనీ సౌండు టెక్నాలజీని ఆటలో కలపడానికి ఒప్పుకున్నాకే ఐడీ వాళ్ళకు చిక్కు తీరింది.

ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువ. ఒక్కో దీపానికీ, దాని వెలుగు పడే వస్తువులన్నింటినీ మళ్ళీ గీయాలి. దీపాలు ఎక్కువైతే ఆట నత్తనడక నడుస్తుంది. గోడకు తగిలిన వెలుగు పక్కకు చిమ్మే లెక్క కూడా ఇందులో లేదు. మన ఇళ్ళల్లో వంటింట్లో లైటు వేస్తే వసారాలో కూడా కొంచెం కనిపిస్తుంది కదా, అది ఇక్కడ జరగదు. దీపం తగలని చోట కటిక చీకటే. అంటే ఆట అంత చీకటిగా ఉండటానికి సగం కారణం భయపెట్టాలన్న కోరిక, మిగతా సగం ఆనాటి గ్రాఫిక్స్ కార్డుల బీదరికం. నాకు ఇది చాలా నచ్చింది. తమ దగ్గర లేనిదాన్ని దాచిపెట్టకుండా, దాని చుట్టూనే ఆట కట్టారు.

ఇక ఆ చీకట్లో మన దగ్గరుండేది ఒక టార్చి. దీని మీద ఇరవై ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. టార్చి పట్టుకుంటే చేతిలో తుపాకీ ఉండదు. తుపాకీ తీస్తే టార్చి ఉండదు. శబ్దం ఎటునుంచి వచ్చిందో చూడాలంటే ఆయుధం దించాలి. కనిపించాక టార్చి దించి తుపాకీ ఎత్తాలి, ఎత్తేసరికి మళ్ళీ చీకటి. ఇప్పుడు గుర్తుపెట్టుకున్న చోటుకు కాల్చాలి. మరీ అవసరమైతే టార్చితోనే ఒకటి వేయొచ్చు. ఆట విడుదలైన కొన్ని రోజులకే ఒక అభిమాని ‘డక్ట్ టేప్’ అనే మాడ్ తయారుచేశాడు. తుపాకీకి టార్చిని టేపుతో చుట్టేసినట్టన్నమాట. 2145లో అంగారకుడి దాకా పోయిన మనుషులకు ఒక టేపు చుట్ట దొరకలేదా అన్నది వాళ్ళ వెక్కిరింపు. అది న్యాయమైన ప్రశ్నే. చివరికి 2012లో బీఎఫ్‌జీ ఎడిషన్ అని మళ్ళీ విడుదల చేసినప్పుడు కంపెనీయే లొంగిపోయి, టార్చిని సైనికుడి కవచానికి తగిలించేసింది. బ్యాటరీ కాసేపటికి అయిపోయి మళ్ళీ నిండుతుంది. చేతులు రెండూ ఖాళీ.

ఈ తగువులో నేను మొదట డక్ట్ టేప్ పక్షమే. ఊళ్ళో ఆడేటప్పుడు మా నాయన మాట ఒకటి విన్నాను. మాకు ఊరి బయట బోరు ఉంది. రాత్రి కరెంటు ఇచ్చిన రోజుల్లో నాయన పన్నెండుకో రెండుకో లేచి మోటరు వేయడానికి పోయేవాడు. ఒక చేతిలో బ్యాటరీ లైటు, ఇంకో చేతిలో కట్టె. మిరప చేలో పాములుంటాయి, తేళ్ళుంటాయి. తర్వాత ఆదోనిలో తలకు కట్టుకునే లైటు కొన్నాడు. నేను అన్నతో ఈ రెండు రకాల టార్చిల గురించి వాదిస్తుంటే, మిద్దె మీద పక్కనే పడుకున్న నాయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: “తలకు కట్టుకున్యాది మనం సూసే తావునే సూపిస్తాది. చేతిలోది అయితే కాలు పెట్టే తావు ఒకపక్క, దారి ఒకపక్క సూసుకోవచ్చు. పురుగులు మొగానికి కొట్టుకోవు గూడా.” “మరి తలకు కట్టుకునేదే ఎందుకు వాడతావు నాయనా?” అంటే, “మోటరు కాడ రెండు చేతులూ కావల్ల గదా” అన్నాడు.

ఇరవై ఏళ్ళ వాదన ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. పని జరగాలంటే తలకు కట్టుకున్న లైటు మంచిది. చేతిలో టార్చి ఉంటే ఎటు చూడాలో ప్రతి అడుక్కీ నువ్వే నిర్ణయించుకోవాలి. డూమ్ 3 భయమంతా ఆ నిర్ణయంలోనే ఉంది. బీఎఫ్‌జీ ఎడిషన్ కూడా కొంచెం ఆడి చూశాను. సుఖంగా ఉంది. కానీ అది మామూలు షూటింగ్ ఆట అయిపోయింది. అయితే 2004 నాటి ఆట కూడా తన టార్చికి తానే న్యాయం చేయలేదు. టార్చిని అడ్డంగా పెట్టుకుని ఆడించాలంటే శత్రువులు తక్కువగా, నెమ్మదిగా రావాలి. సగం దాటాక ఆట గుంపులు గుంపులుగా తోలుతుంది. అప్పుడు టార్చి తీసే తీరికే ఉండదు, అది జేబులోనే మగ్గుతుంది.

మూడో బలం శబ్దం. పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతం క్రిస్ వ్రెన్నా చేశాడు, గిటార్ల హోరు. ఆటలోకి పోయాక మాత్రం పాట లాంటిది దాదాపు ఉండదు. యంత్రాల గుయ్యిమనే మోత, పైపుల్లో ఆవిరి, ఎక్కడో ఇనుప రేకు మీద అడుగుల చప్పుడు, గుసగుసలు. హాస్టల్‌లో నాకు గుసగుసలు వినిపించినప్పుడే భయం వేసేది. అన్నకు అవి లెక్కలేదు. ఒక పొడుగాటి గదిలో మోత తగ్గగానే మౌసు ఆపేశాడు. ఏమైందన్నాను. “మిషన్లు మోగుతున్నంతసేపు ఏం కాదురా. మోత మారిందంటేనే తల ఎత్తి సూడల్ల” అన్నాడు. జిన్నింగ్‌లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకు మోత ఒక అలవాటు, అది మారితే ఏదో ఇరుక్కున్నట్టు, తెగినట్టు. ఆ సౌండు తయారుచేసినవాళ్ళు ఏ ఫ్యాక్టరీలో రికార్డు చేశారో గానీ, పనివాడి చెవితో ఆలోచించారు.

ఇప్పుడు నేను హాస్టల్‌లో ఆడినప్పుడు అసలు పట్టించుకోని విషయానికి వస్తాను. ఈ ఆటలో చనిపోయిన ఉద్యోగుల దగ్గర పీడీఏలు దొరుకుతాయి. ఇప్పటి ఫోన్ల తాతలు. వాటిల్లో వాళ్ళ మెయిళ్ళు, గొంతుతో రికార్డు చేసిన డైరీలు ఉంటాయి. మందుగుండు దాచిన అల్మారాల తాళం నంబర్లు కూడా వాటిల్లోనే. ఒక్కసారిగా ఆట ఆపి మెయిల్ చదవాలి, నంబరు వెతకాలి. 1999లో వచ్చిన సిస్టమ్ షాక్ 2లోనూ ఇట్లాంటి డైరీలున్నాయి, అది కూడా ఓడలో ఒంటరిగా తిరిగే భయం ఆటే. నేను నంబర్ల కోసం మాత్రమే మెయిళ్ళు తిరగేసి, మిగతాది వదిలేస్తూ పోయాను.

అన్నకు అట్లా కుదరలేదు. “ఏం రాసినాడు వాడు?” అని ప్రతిదీ అడిగాడు. 2004 నాటి ఆటలో మాటలకు సబ్‌టైటిల్స్ లేవు, కాబట్టి డైరీలు కూడా నేనే విని చెప్పాలి. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నా నోట్లో తెలుగు అనువాదం మొదట్లో ఆఫీసు నోటీసులా వచ్చేది. “నిర్వహణ విభాగానికి పలుమార్లు విన్నవించినప్పటికీ...” అని మొదలుపెట్టగానే అన్న ఆపాడు. “ఎవురురా ఇట్ల మాట్లాడేది? సూపర్‌వైజరుకు మూడుసార్లు చెప్పినా, వినలే. అంతే గదా?” అంతే. ఆ తర్వాత నేను సంగతి చెప్పడం, అన్న దాన్ని పనివాడి తెలుగులోకి మార్చడం. ఆ రాత్రి నుంచి మా ఆట సగం కాల్చడం, సగం అనువాదం.

అట్లా చదివితే ఆ మెయిళ్ళు వేరే కథ చెప్తాయి. రాక్షసులు రాకముందు సంగతులవి. ఒకడు ట్రాన్స్‌ఫర్ కావాలని అడుగుతాడు. ఒకడు తన షిఫ్టులో ఏవో గొంతులు వినిపిస్తున్నాయని డాక్టరు దగ్గరికి పోతాడు. కొన్ని విభాగాల్లో ఏం జరుగుతుందో పక్క విభాగానికి చెప్పరు. ప్రమాదం జరిగితే కాగితం నడుస్తుంది, పని ఆగదు. మధ్యలో నవ్వొచ్చేవీ ఉంటాయి. ఆర్డరు పెట్టింది ఒకటైతే కొండంత పెట్టెలో చెట్లు కోసే రంపాలు వచ్చాయని ఒకడు మొత్తుకుంటాడు. అంగారకుడి మీద చెట్టెక్కడిది? ఆ రంపం తర్వాత మనకు ఆయుధమవుతుంది.

ఒక ప్రమాదం గురించిన డైరీ విన్నాక అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. తను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట ఒక మిషన్ బెల్టు మీద ఉండాల్సిన మూత చాలా రోజులు లేదంట. విప్పిన మూత మళ్ళీ బిగించలేదు. పనివాళ్ళు చెప్పారు, సీజన్ కాబట్టి మిషన్ ఆపడానికి వీల్లేదన్నారు. ఒక రాత్రి షిఫ్టులో ఒకాయనకు రెండు వేళ్ళు పోయాయి. “పొద్దున మేము పోయేసరికి మూత బిగించి ఉండాది” అన్నాడు అన్న. ఆ ఒక్క మాట ఆ ఆటలోని ఏ రాక్షసుడి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇప్పుడు రాస్తున్నా ఒళ్ళు జలదరిస్తోంది.

డూమ్ 3లో అన్నిటికంటే గొప్ప భయం ఇది. నరకం తలుపు తెరుచుకోకముందే అక్కడ పనిచేసేవాళ్ళకు తెలుసు, చెప్పారు కూడా, వినేవాళ్ళే లేరు. ఆటలోని అన్నిటికంటే పెద్ద లోపం కూడా ఇక్కడే ఉంది. ఈ సంగతిని చేతికిచ్చి, మధ్యలోనే వదిలేస్తుంది. బెట్రూగర్ స్పీకర్లలో పకపకా నవ్వడం మొదలుపెట్టాక నేరమంతా ఒక్క పిచ్చి డాక్టరు ఖాతాలో పడిపోతుంది. కంపెనీ ఎక్కడికి పోయింది? ఆ ఫిర్యాదుల కాగితాలు ఎవరి బల్ల మీద ఆగాయి? విచారణకు వచ్చిన స్వాన్ ఏం తేల్చాడు? ఆటకు పట్టదు. విలన్ దొరికాడు కాబట్టి మిగతావాళ్ళంతా బయటపడిపోయారు. “మూత బిగిచ్చినారు గదా, కత అయిపోయింది” అని అన్న అన్నది అందుకే.

మిగతా లోపాలు అందరూ చెప్పేవే, కానీ నిజాలే. మొదటిది అల్మారా రాక్షసులు. ఒక మూల కవచమో మందుల పెట్టెో కనిపిస్తుంది. తీసుకోగానే వెనక గోడ తెరుచుకుని ఒకడు దూకుతాడు. మొదటిసారి గుండె ఆగినంత పనవుతుంది. ఐదోసారి నవ్వొస్తుంది. పదోసారికి అన్న పెట్టె తీసుకోకముందే వెనక్కి తిరిగి గోడ వైపు తుపాకీ పెట్టి, “రా నాయనా” అనేవాడు. భయపెట్టేవాడు టైము ప్రకారం వస్తే అది బస్సు అవుతుంది. నిజం చెప్పాలంటే మా ఆదోని బస్సు కంటే ఆ రాక్షసుడే టైముకు వచ్చేవాడు.

రెండోది మందుగుండు. తూటాలు మరీ ఎక్కువ దొరుకుతాయి. చేతిలో ఎనిమిది తూటాలే ఉన్నవాడు చీకటికి భయపడతాడు, రెండొందలున్నవాడు ఎందుకు భయపడతాడు? 2008లో వచ్చిన డెడ్ స్పేస్ ఈ పాఠం బాగా నేర్చుకుంది. అందులో తూటాలకు కటకట, పైగా ఎక్కడపడితే అక్కడ కాలిస్తే కుదరదు, శత్రువు కాళ్ళూ చేతులూ చూసి కోయాలి. హీరో కూడా సైనికుడు కాదు, రిపేరు చేసే ఇంజనీరు, చేతిలోవి చాలావరకు పనిముట్లే. రెండు ఆటలూ పక్కపక్కన పెడితే డూమ్ 3 తుపాకులు కొంచెం తేలికగా, బొమ్మ తుపాకుల్లా అనిపిస్తాయి. షాట్‌గన్ ఒక్కటి మినహాయింపు. దాని గుళ్ళు బాగా చెదిరిపోతాయి కాబట్టి శత్రువు మీద పడేంత దగ్గరికి రానివ్వాలి. చాలామంది దాన్ని తిట్టారు, నాకు మాత్రం అది చీకటికి సరైన జోడీ అనిపించింది.

మూడోది నరకం. ఆట మూడొంతులు అయ్యాక మనల్ని నిజంగానే నరకంలోకి తోస్తారు. తెచ్చుకున్న తుపాకులన్నీ పోతాయి, మళ్ళీ మొదటి నుంచి ఏరుకోవాలి. రాతి మెట్లు, నిప్పు, ఆర్తనాదాలు, చూడటానికి అద్భుతంగా ఉంటుంది. హాస్టల్‌లో నాకు బాగా నచ్చిన భాగం అదే. ఊళ్ళో అదే చోటు గురించి అన్నకు చెప్తూ “ఇప్పుడు నరకానికి పోతాం” అన్నాను. “యముడు యాడ?” అన్నాడు. నవ్వు ఆగలేదు. మన తెలుగువాళ్ళకు నరకం అంటే భయం కంటే ముందు సినిమా గుర్తొస్తుంది. యమగోల 1977లో, యమలీల 1994లో, యమదొంగ 2007లో. మన నరకంలో ఒక కుర్చీ ఉంది, లెక్కలు రాసే చిత్రగుప్తుడున్నాడు, ఆ లెక్క తప్పొచ్చు, నిలబడి వాదించొచ్చు. డూమ్ నరకంలో వాదించడానికి ఎవరూ లేరు. నిజానికి అది ఇంకా భయంకరంగా ఉండాల్సింది. కానీ ఆట దాన్ని ఇంకో మైదానంలాగే వాడుకుంది. చివర్లో సైబర్‌డీమన్ అనే కొండంత రాక్షసుడితో పోరాటం కూడా అంతే. సోల్ క్యూబ్ అనే వస్తువు ఒక్కటే వాడిని దెబ్బతీస్తుంది. దాన్ని కొన్నిసార్లు విసిరితే వాడు పడిపోతాడు. ఇంతదూరం తెచ్చి ఇంత తేలిగ్గా వదిలేశారేంటి అనిపిస్తుంది.

ఆట ముగిసినా ముగియని బలం ఇంకోటుంది. 2011 నవంబరులో ఐడీ వాళ్ళు డూమ్ 3 సోర్స్ కోడ్‌ని జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. పైన చెప్పిన పేటెంటు గొడవ వల్ల ఆ నీడల లెక్కలో కొన్ని లైన్లు మార్చి మరీ ఇచ్చారు. బొమ్మలు, శబ్దాలు, కథ మాత్రం ఉచితం కాదు, ఆట కొనుక్కోవాల్సిందే. ఐడీ అంతకుముందు ఇంజన్లు సీ భాషలో రాసేది, ఇది సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. మన ల్యాబుల్లో బ్యాంకు ఖాతాల ప్రోగ్రాం తప్ప క్లాసులు ఎందుకో తెలియని నాలాంటివాడికి, ఒక దీపం, ఒక తలుపు, ఒక రాక్షసుడు క్లాసులుగా కనిపించడం పండగ. ఇదే ఇంజన్ మీద ‘ది డార్క్ మాడ్’ అనే ఉచిత ఆట వచ్చింది. అందులో దొంగగా నీడల్లో నక్కి తిరగాలి. భయపెట్టడానికి పుట్టిన చీకటి అక్కడ మనల్ని కాపాడుతుంది.

కోడ్ చేతిలో ఉంటే తెలుగు పెట్టేద్దామనిపించింది. ఆట డేటా పీకే4 ఫైళ్ళలో ఉంటుంది. అవి పేరు మార్చుకున్న జిప్ ఫైళ్ళే. విప్పితే మాటలన్నీ విడిగా ఒక ఫైల్లో, ఒక్కో వాక్యానికి ఒక నంబరుతో ఉన్నాయి. ఇంగ్లిష్ తీసి తెలుగు పెడితే చాలనుకుంటాం. చాలదు. ఆట ఫాంటులో 256 గళ్ళున్నాయి. ఒక బైటుకు ఒక గడి, ఒక గడికి ఒక అక్షరం. ఫ్రెంచి, జర్మన్ లాంటివాటికి అది సరిపోయింది. మన ‘కౌతాళం’ తీసుకోండి. చూడటానికి మూడక్షరాలు. యూనికోడ్‌లో క, ఔత్వం, త, దీర్ఘం, ళ, సున్నా కలిపి ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. ఆట దాన్ని పద్దెనిమిది పిచ్చి గీతలుగా చూపిస్తుంది. బైట్ల చిక్కు విప్పినా ఒత్తులున్నాయి, గుణింతాలున్నాయి. ‘స్త్రీ’ అన్నది ఒక్క అక్షరంలా కనిపించాలంటే ఆరు ముక్కల్ని ఒకదాని కింద ఒకటి, పక్కన ఒకటి పేర్చే ప్రోగ్రాం వేరే కావాలి. ఫోన్లో మనం రోజూ తెలుగులో మెసేజ్ కొడుతుంటే ఆ పేర్చే పని లోపల ఎవరో చేస్తున్నారని తట్టదు.

ఇది ఆట లోపమా? 2004లో టెక్సస్‌లో కూర్చున్నవాళ్ళు మన ఒత్తుల గురించి ఆలోచించలేదని తప్పుపట్టలేను. కానీ మంచి భాగమంతా మెయిళ్ళలో దాచి, ఆ మెయిళ్ళు చదవలేనివాడికి అల్మారా రాక్షసుల్ని మాత్రమే మిగల్చడం లోపమే. ఇంగ్లిష్ రానివాడికి డూమ్ 3 మామూలు కాల్చుడు ఆట. నాలా ఇంగ్లిష్ వచ్చి కూడా చదవకుండా దూకేవాళ్ళకూ అంతే. పక్కన కూర్చుని “ఏం రాసినాడు వాడు?” అని అడిగే మనిషి ఉంటేనే అది మంచి ఆట.

ఆటలో తెలుగు కనిపించే దారి తేలేదాకా మెయిళ్ళు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఇప్పటికి 43 అయ్యాయి. ప్రతి ఆదివారం ఫోన్లో అన్నకు చదివి వినిపిస్తాను, పుస్తకం భాష వస్తే ఆపి దిద్దుతాడు. ఆట మాత్రం డెల్టా ల్యాబ్స్ దగ్గర ఆగి ఉంది. అక్కడ చాలా మెయిళ్ళున్నాయి, అవన్నీ తెలుగులో వచ్చేదాకా ముందుకు పోనంటున్నాడు. మన క్లబ్బులో ఎవరికైనా ఫాంట్లు, ఓపెన్‌జీఎల్ మీద ఆసక్తి ఉంటే హాస్టల్‌కు రండి. కోడ్ నా దగ్గరుంది, టార్చి గొడవ మీద వాదనకూ సిద్ధం.